దగ్వా తిట్టిన గుర్రాలు

దగ్వాకు తన ప్రాణమైన వాటిని తిట్టే అలవాటు ఉంది.

ఆమాటకొస్తే హుస్తాయ్ కొండల్లో పసిబిడ్డను చూసి "అబ్బ, ఎంత అనాకారి!" అనని వాళ్లు తక్కువ. ముద్దుగా ఉందని పైకి అంటే ఏ గాలో ధూళో విని ఎత్తుకుపోతుందని భయం. బిడ్డ కాస్త గట్టిపడగానే అందరూ మానేస్తారు. దగ్వా మాత్రం అరవై ఎనిమిదేళ్లొచ్చినా మానలేదు. భార్యను "పొగ్గొట్టం" అంటాడు. ఆవిడ కాచిన ఉప్పు టీని "గిన్నెలు కడిగిన నీళ్లు" అంటూ నాలుగు గిన్నెలు తాగుతాడు. మనవడికి పట్టుబట్టి ఎనెబిష్ అని పేరు పెట్టించాడు. అంటే "వీడు కాదు" అని. దయ్యం వచ్చి అడిగితే "అబ్బే, వీడు కాదు" అని పంపించెయ్యొచ్చట.

గిట్టనివాళ్లను మాత్రం ఆకాశానికెత్తేవాడు. ఓసారి నగరం నుంచి ఓ అధికారి వచ్చి రెండు గంటలు ఉపన్యాసం దంచాడు. అయ్యాక దగ్వా ఆయన రెండు చేతులూ పట్టుకుని "తమంత మేధావి ఈ లోయలో అడుగుపెట్టలేదు బాబూ! ఆ టోపీ చూడండి, ఎంత దివ్యంగా ఉందో!" అన్నాడు. అధికారి పొంగిపోయాడు. వెనకాల గొర్రెలకాపర్లు నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకున్నారు.

గుర్రాల కాపలాకూ, విదేశీయులొస్తే తర్జుమాకూ యంజ్మా అనే అమ్మాయి ఉద్యోగంలో చేరినప్పుడు ఏడాదిపాటు దగ్వా ఆమెను "బంగారు తల్లి" అన్నాడు. పాపం, ఎందుకు గిట్టలేదో తెలియక ఆ పిల్ల కుమిలిపోయింది. రెండో చలికాలం మంచుతుఫానులో గుర్రాల మంద జాడ తీసి, కాళ్లు కొంకర్లు పోయి తిరిగొస్తే, "ఒసేయ్ కప్పమొహమా! ఇలా తగలడు, టీ తాగు" అన్నాడు. ఆ సంగతి యంజ్మా ఆ వారమే సంబరంగా వాళ్లమ్మకు ఉత్తరం రాసింది.

ఇక అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నవి తాఖీలు. జీను ఎరగని అడవి గుర్రాలు. ఒకప్పుడు ఈ గడ్డిమైదానాలు వాటివే, తర్వాత ఒక్కటీ మిగల్లేదు. ఎప్పుడో పరదేశులు పట్టుకుపోయిన గుర్రప్పిల్లల్లో పట్టుమని పదిహేను కూడా సంతానం కనలేదు. జంతుశాలల్లో బతికున్నవన్నీ ఆ కాసిని వాటి మనవలే. అవే కొన్నేళ్ల కిందట కొయ్యపెట్టెల్లో విమానమెక్కి సొంతూరు తిరిగొచ్చాయి. మొదటి పెట్టె తలుపు తెరిచిన రోజు దగ్వా టోపీ తీసి, వలవలా ఏడుస్తూ, "ఛీ ఛీ, ఎంత అసహ్యంగా ఉన్నాయి!" అన్నాడు.

ఆ వేసవిలో జర్మనీ నుంచి హెడ్విగ్ అనే పెద్దావిడ వచ్చింది. జంతుశాలలో తల్లి పాలివ్వని ఓ తాఖీ పిల్లను సీసాపాలు పట్టి పెంచి, లోట్టె అని పేరు పెట్టి, పెద్దయ్యాక కన్నీళ్లతో పెట్టెలో పంపించింది ఆవిడే. ఆవిడ దగ్గర ఇంకో రెండు ఆడగుర్రాలున్నాయి. వాటిని పంపాలా వద్దా అన్నది ఆవిడ మాట మీదే ఉంది. లోయలో ఆడవి తక్కువ. ఆ రెండూ రాకపోతే మంద పెరగదని అందరికీ బెంగ.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కరోజు నోరు కట్టేసుకో" అంది యంజ్మా.

"నేనేమన్నానే?" అన్నాడు దగ్వా అమాయకంగా.

గుట్ట ఎక్కారు. కింద వాగుదగ్గర మంద మేస్తోంది. హెడ్విగ్ దుర్భిణి పెట్టుకుని, "అదే, నా లోట్టె! ఎలా ఉందో అడుగు" అంది.

దగ్వా గొంతు సవరించుకున్నాడు. "అదా? పెట్టె తలకాయదా? పీపా పొట్ట, పొట్టి కాళ్లు! జూలు చూడు, చీపురుకట్ట నిలబెట్టినట్టు. నుదుటిమీద నాలుగు వెంట్రుకలు కూడా లేవు. మూతి పిండిడబ్బాలో ముంచి తీసినట్టు తెల్లగా! వెన్నుమీద ఆ నల్లచార ఒకటి, కాళ్లకి ఆ గీతలొకటి. ముఖం చూస్తే అన్నం సయించదు."

"బాగుందంటున్నాడు" అంది యంజ్మా.

"అంతసేపు మాట్లాడింది అంతేనా?"

"చాలా బాగుందట."

హెడ్విగ్ ఆగలేక గుట్ట దిగి, చెయ్యి చాపి "లోట్టె! లోట్టె!" అని పిలిచింది. లోట్టె తలెత్తింది. చెవులు నిక్కించింది. చటుక్కున తిరిగి, పిల్లల్ని ముందు తోలుకుంటూ కొండమలుపు దాటిపోయింది. మందంతా దాని వెంటే.

హెడ్విగ్ గడ్డిలో కూలబడింది. "నన్ను మరిచిపోయింది. ఇక్కడ తోడేళ్లు, మంచు. ఆ రెంటినీ పంపలేను యంజ్మా."

ఆవిడ కళ్లు చూసి దగ్వా ఉండబట్టలేకపోయాడు. "విశ్వాసం లేని ముండ! పాలు పట్టిన చేతిని చూసి పారిపోతుందా! ముగ్గుర్ని కంది, ముగ్గురూ దాని పోలికే, మనిషి నీడ పడనివ్వరు. మార్చిలో తోడేలొస్తే పిల్లను మధ్యలో పెట్టుకుని నిలబడి దాని దవడ పగలగొట్టింది, రాక్షసి!"

"ఉన్నదున్నట్టు చెప్పు. ఈసారి 'బాగుంది' అంటే ఊరుకోను" అంది హెడ్విగ్.

యంజ్మా కళ్లు మూసుకుని ఒక్క మాట వదలకుండా చెప్పేసింది. ఇందాకటి పీపా పొట్టతో సహా.

హెడ్విగ్ మొహం కందిపోయింది. "అదంటే ఈయనకి ఎందుకంత కోపం?"

యంజ్మా ఆ ప్రశ్న తర్జుమా చెయ్యగానే దగ్వా మొదటిసారి గొంతు తగ్గించాడు. "కుర్రతనంలో గోబీ అంచున ఒంటెలు తోలుతుంటే ఒక్కసారి కనబడ్డాయమ్మా. ఎనిమిది. ఎర్రటి ఎండలో నీళ్లు తాగుతున్నాయి. నోరు జారి, 'ఎంత అందంగా ఉన్నాయో!' అని గట్టిగా అరిచాను. ఆ తర్వాత ఇరవయ్యేళ్లు తిరక్కుండా దేశంలో ఒక్కటి లేదు. నా నోరే కొట్టింది. పోగొట్టింది నేను, దాచి, పాలు పట్టి, తిరిగిచ్చింది ఈవిడ. ఈవిడ కాళ్లకు దణ్ణం పెట్టాలి. కానీ ఆ గుర్రాన్ని మాత్రం పొగడమనకు, నావల్ల కాదు."

మూడేళ్లుగా పక్కనే ఉన్నా ఈ సంగతి యంజ్మాకు తెలియదు. ముక్క ముక్కగా తర్జుమా చేసింది.

హెడ్విగ్ కొండమలుపు వైపు చూసింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "ఇంటి దగ్గర రెండున్నాయని చెప్పు. ఒకదానికి మూతి వంకర. రెండోది తిండిపోతు, బుద్ధి సున్నా. పొద్దున్నే వాటి మొహాలు చూడలేక చస్తున్నాను" అంది.

దగ్వా టోపీ తీసి గుండెలకు హత్తుకున్నాడు.

"నిజంగా అంత దరిద్రంగా ఉంటాయా?" అన్నాడు ఆశగా.

"ఇంకా ఎక్కువే" అంది హెడ్విగ్. "వచ్చే నెల పంపిస్తాను."