నియాన్‌కు కొసరు

సుచిత్ర చౌరస్తాలో ఇరవై ఏళ్లు కూరగాయలమ్మిన బుచ్చమ్మ చేతికి ఒక జబ్బుంది. కిలో వంకాయలు తూచాక, పైన ఇంకొకటి వేయనిదే ఆ చెయ్యి ఊరుకోదు. కొసరు లేని బేరం ఆమె దృష్టిలో బేరమే కాదు. మోకాళ్లు మొరాయించాక బండి వదిలేసి, బౌరంపేట్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆయాగా చేరింది. కెమిస్ట్రీ చెప్పే పద్మలత ఆమె పనితనం చూసి, పరమాణువుల సంగతి నేర్పి, వాటి నమూనాలు చేసే పని అప్పగించింది.

అబ్బో, ఏం నమూనాలవి! మధ్యలో బంకమట్టి ఉండ, చుట్టూ గిన్నెలు బోర్లించి గీసిన వలయాలు, వాటి మీద ఎలక్ట్రాన్లుగా ఎర్ర పూసలు. పక్కనే ఆర్బిటాళ్లకు బెలూన్లు. ఒక గుండ్రటిది ఎస్, మూతులు కలిపి కట్టిన జోడీ పి.

"ఎలక్ట్రాను గీడనే ఉన్నదని ఎవ్వలు జెప్పలేరు బిడ్డా," అనేది పిల్లలకు బెలూన్లు చూపిస్తూ. "గీ బుగ్గలల్ల ఏడనో ఓకాడ తిరుగుతుంటది, మా ఇంటాయన లెక్క."

బడి యజమాని వీరేందర్‌కు మాత్రం ఇది నచ్చలేదు. "ఆయాకు సైన్సేంది మేడం? మన సైన్స్ ఎగ్జిబిషన్‌కు వచ్చే పెద్దసారు మంచిగుందంటేనే ఉంటది. లేకుంటే ఇగ ఇంటికే," అని పద్మలతకు తేల్చి చెప్పాడు. ఆ మాట బుచ్చమ్మ చెవిన పడనే పడింది.

ఎగ్జిబిషన్ రోజు రానే వచ్చింది. పెద్దసారు బాలమల్లు, రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్. నియాన్ నమూనా ముందు ఆగి పూసలు లెక్కపెట్టాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాడు.

"నియాన్‌కు పదే గదమ్మా? పదకొండున్నయేంది?"

పద్మలత మొహం పాలిపోయింది. వీరేందర్ మొహం వెలిగింది.

"కొసరు సారూ," అంది బుచ్చమ్మ బిక్కచచ్చిపోయి. "సరీగ పదే పెడితే మనసొప్పలే."

బాలమల్లు పగలబడి నవ్వాడు. "సరే, గా ఒక్కదానికి బయట ఇంకో గీత ఎందుకు? గీ ఎనిమిదున్న గీత మీదనే ఇరికియ్యకపోయినవా?"

బుచ్చమ్మకు ఒళ్లు మండింది. లెక్క తప్పిందంటే పడుతుంది గానీ, పని తెలియదంటే ఎట్లా పడుతుంది?

"ఎట్ల ఇరికిస్త సారూ? లోపట రెండు, దాని బయట ఎనిమిది, నిండిపాయె! బుగ్గలు సూడుండ్రి. ఎస్ ఒకటి, పి జోడీలు మూడు. ఒక్కోదాంట్ల ఇద్దరికే జాగ. తొమ్మిదోది యాడ గూసుంటది, నా నెత్తి మీదనా?"

బాలమల్లు నవ్వు ఆగిపోయింది. "తప్పు పూస పెట్టినా పెట్టాల్సిన జాగల్నే పెట్టినవమ్మా," అన్నాడు. వీరేందర్ మాత్రం బెలూన్ల దగ్గరికి వంగి, వేళ్లు మడుస్తూ తనలో తనే లెక్కపెట్టుకుంటున్నాడు. ఎస్‌కు రెండు. పికి రెండు, నాలుగు, ఆరు. మొత్తం ఎనిమిది.

"అవ్వా, గిన్నొద్దులు యాడున్నవ్?" అన్నాడు చివరికి. "నువ్వుంటే నేను టెన్త్ మూడుసార్లు తప్పుదునా? రేపు జల్దీ రా. ముందు నాకు జెప్పు, పోరగాండ్లకు తర్వాత."