మునిరత్నం మామ విల్లు మీది చుక్క

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి రాస్తాను. మా ఇంట్లో ఉప్మా అడుగంటితే వీధి చివరిదాకా జనం పరుగులు తీశారని రాసే రకం. కింద చదవబోయేదాంట్లో మీకు తోచినంత తగ్గించుకోండి, కూరగాయల బేరంలాగా.

మొన్న తిరుపతి బస్టాండు పక్కన, బండ్లకు స్టిక్కర్లు అతికించే కొట్టు ముందు నిలబడి ఉంటే రేడియం స్టిక్కరు వెనక జిగురు వాసన ముక్కుకు తగిలింది. రోజంతా తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి. ఆ వాసనతోపాటు మునిరత్నం మామ కూడా వచ్చి, ఉస్సురంటూ నా పక్కన నిలబడినట్టయింది.

మామ పాకాలలో మా పక్కింటాయన. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. చుట్టరికం ఏమీ లేదు, రెండిళ్లకూ గోడ ఒకటే కాబట్టి మామ. మా దగ్గర ఏటా దేవుడికి పార్వేట జరుగుతుంది. దేవుడు పల్లకీలో ఊరి బయటి మామిడితోపుకు వేటకు వెళతాడు. అక్కడ గోనెపట్టాలో గడ్డి కుక్కి కుట్టిన అడవిపంది బొమ్మ ఉంటుంది. దేవుడి తరఫున దాన్ని బాణంతో కొట్టే హక్కు మామ వంశానిది. అయితే వేటకు వస్తున్న సంగతి అడవికి తెలియకూడదని, బాణం తగిలేదాకా ఒక్క దివిటీ కూడా వెలిగించరు. దానికితోడు ప్రతి గడపా హారతి ఇవ్వనిదే పల్లకీని కదలనివ్వదు. మధ్యాహ్నం బయలుదేరిన దేవుడు తోపు చేరేసరికి, ఎదుటివాడి ముఖంలో ముక్కెక్కడో మూతెక్కడో తెలియనంత మసక పడేది.

మామ కళ్లు అప్పటికే మసకబారాయి. వరసగా రెండు పార్వేటల్లో గురి తప్పాడు. ఒక బాణం డప్పులో దిగింది. ఆ డప్పు ఇప్పటికీ జ్వరం వచ్చినట్టు మోగుతుంది. రెండోది తమిళనాడు సరిహద్దు దాటిందని అంటారు, అంటే నేనే అంటాను. ఈసారి కూడా తప్పితే విల్లు తమ్ముడి కొడుకు గంగాధరం చేతికి పోవాలని పెద్దలు తేల్చేశారు. మామకు ఉద్యోగం అయిపోయింది, అత్త పోయింది. ఏడాదికి ఒక సాయంత్రం ఊరంతా తన చేతివైపు చూడటం ఒక్కటే మిగిలింది.

నేనప్పుడు తిరుపతిలో ఒక లాడ్జి మేనేజరును. వేడినీళ్లు రావడం లేదన్న మాట వెయ్యి గొంతుల్లో విని, ఇంటికొచ్చి గోడవారన మంచం మీద సోలిపోయేవాణ్ణి.

"అల్లుడా, పడుకుంటివా?"

"పడుకున్నా మామా."

"అయితే లేసి రా. సుక్క కనపళ్ళేదు."

చుక్క అంటే విల్లు పిడి పైన ఆయన కట్టుకున్న గుండుసూది తల. నారిలో ఇరికించిన చిన్న ఇత్తడి రింగులోంచి చూసి, ఆ తలను పంది గుండె మీద నిలిపి బాణం వదలాలి. వెలుతురు తగ్గగానే సూది తల మాయమయ్యేది. సున్నం పూశాం, ఎండి రాలిపోయింది. చివరికి నేను తిరుపతి నుంచి రేడియం స్టిక్కరు తెచ్చి అప్పడమంత ముక్క అతికించాను. సాయంత్రం అది పగలంతా తాగిన వెలుతురు కక్కింది. దాని వెలుగులో కోళ్లు తెల్లారిందనుకుని మళ్లీ మేతకు బయలుదేరాయి.

"కనపడతా ఉండాదా మామా?"

"సుక్క బ్రమ్మాండంగా కనపడతా ఉండాది. పందే కనపళ్ళా."

గంగాధరం గోడెక్కి కూర్చుని ఉన్నాడు. "పెదనాయనా, ఆ రేడియమేదో పందికే అతికిస్తే పోలా?"

"నీ నోటికి అతికిస్తా. సీకట్లో అది యాడుండాదో అందరికీ తెలస్తాది."

మర్నాటి నుంచి తగ్గించడం మొదలుపెట్టాం. బ్లేడుతో కోసి కోసి రేడియాన్ని ఆవగింజంత చేశాం. మామ రింగును లోపలివైపు ఆకురాయితో అరగదీసి వెడల్పు చేశాడు. "సన్న సందులో ఎలుతురు యాడ దూరతాది?" అన్నాడు. నేను ఫోను తీస్తే కసిరేవాడు. "మూయప్పా దాన్ని. ఆ ఎలుగు సూసినాక కంటికి మసకలో ఏమీ దొరకదు." ఇద్దరం మాటాపలుకూ లేకుండా పెరట్లో కూర్చుని, చూపు కుదురుకునేదాకా వేపచెట్టు మొదలు కేసి చూసేవాళ్లం. లాడ్జి అలుపు ఆ కూర్చోవడంలోనే కొంచెం కొంచెంగా దిగేది. పార్వేట దగ్గరపడేసరికి గురి చూసుకోవడానికి పెరట్లో కట్టిన గోనెసంచి జల్లెడయింది.

ఆ రోజు పల్లకీ మరీ ఆలస్యంగా వచ్చింది. మామ విల్లు ఎత్తాడు. బాణం వెళ్లి పంది గుండెలో ఎంత బలంగా దిగిందంటే, గడ్డి ఎగిరి పూజారి జుట్టు మీద పడింది. దివిటీలు భగ్గుమన్నాయి. గంగాధరం పెదనాయన కాళ్లు మొక్కాడు.

ఒప్పుకుంటాను. డప్పునూ కోళ్లనూ మీరు ముందే తగ్గించుకుని ఉంటారు. నేను నిజంగా కల్పించింది ఈ బాణాన్ని.

మామ బాణం వదల్లేదు. నారి చెవిదాకా లాగాడు. తర్వాత నారిని మెల్లగా ముందుకు వదిలి, విల్లు దించేశాడు.

"కనపళ్ళా," అన్నాడు.

వెనకవాళ్లకు వినపడలేదనుకున్నాడో ఏమో, గొంతు పెంచాడు. "నాకు కనపళ్ళేదప్పా. సుక్క ఉండాది. దాని ముందర పంది ఉండాదో మనిసి ఉండాడో తెలీలా."

తర్వాత గంగాధరాన్ని పిలిచి విల్లు చేతికిచ్చాడు. "రెండు కండ్లూ తెరుసుకో. సుక్కను సూడగాకు, పందిని సూడు."

గంగాధరం కొట్టాడు. దివిటీలు వెలిగాయి. అందరూ అటు పరుగెత్తితే మామ నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. "అలుపుగా ఉండాది అల్లుడా. ఇంటికి పోదామా," అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే పోయాడు.

పోయిన వారం చిత్తూరు నుంచి స్కూటరు మీద వస్తున్నాం, వెనక కూరగాయల సంచితో మా ఆవిడ. పొద్దు గూకింది. ఎదురొచ్చే లైట్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపిస్తున్నాయి. కొంతదూరం బింకంగానే నడిపాను. తర్వాత రోడ్డు పక్కన ఆపి స్టాండు వేశాను.

"పెట్రోలు అయిపోయిందా?"

"లేదు. నాకు కనపడటం లేదు. నువ్వు నడుపు."

ఆమె దిగింది. కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చి కూర్చుంది.

"సరే ఎక్కు. వెనక కూసోని బ్రేకులు మాత్రం నువ్వు ఎయ్యద్దు."

కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని ఎక్కాను.