రెండు ముక్కల చీటీ

మా బావని ఆఫీసులో అందరూ చాటుగా కొర్రీ అనేవారు. ఫైలు మీద ఏదో ఒక ప్రశ్న రాసి వెనక్కి పంపడాన్ని మేము కొర్రీ వేయడం అంటాం. కరెంటు కంపెనీల మీద నిఘా పెట్టే ప్రభుత్వ మండలిలో ఆయన ఇరవై ఆరేళ్లు పనిచేసి, కార్యదర్శిగా దిగిపోయాడు. ఆ ఇరవై ఆరేళ్లలో ఒక్క ఫైలునీ మొదటిసారే వదిలిపెట్టిన పాపాన పోలేదు. ఇంట్లోనూ అంతే, మా అక్క సామాన్ల జాబితా ఇస్తే పోయినసారి సబ్బులు ఏమయ్యాయో చెప్పమనేవాడు. నేను అదే ఆఫీసులో సూపరింటెండెంటుని. పగలు ఆయన్ని సార్ అనేవాడిని, సాయంత్రం బావా అనేవాడిని. రెండు వేళల్లోనూ నాకు చీవాట్లే.

కానీ ఆయన చేసిన మంచి పని ఒకటుంది. అది చెప్పకపోతే నేనూ ఆయనలాంటివాడినే అవుతాను.

ఒకసారి స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్ ఒకడు మాడిపోయాడు. కరెంటు ఆపానని సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఫోన్‌లో చెప్పాడు, కాసేపటికి ఆ సంగతి మరిచిపోయి మళ్లీ ఇచ్చేశాడు. అప్పుడు బావ మండలి చేత ఒక ఉత్తర్వు ఇప్పించాడు. ఇకమీద నోటిమాట చెల్లదు. స్తంభం ఎక్కేముందు ఒక చీటీ రాసి, దాన్ని రెండుగా చింపాలి. ఒక ముక్క ఎక్కేవాడి జేబులో, ఇంకో ముక్క ఆపరేటర్ బల్ల మీద ఉండాలి. రెండు ముక్కలూ మళ్లీ పక్కపక్కన చేరేదాకా స్విచ్ మీద చెయ్యి పడకూడదు. చీటీల కోసం తిరగడంతో కరెంటు ఆపే గంటలు పెరిగాయని కంపెనీ లబోదిబోమంది. బావ వినలేదు. మా అబ్బాయి కూడా లైన్‌మనే. ఆ ఉత్తర్వు వచ్చిన రోజు నుంచే మా ఆవిడ కంటినిండా నిద్రపోయింది.

ఇక నా తప్పు. అలాంటి ఉత్తర్వు ఇచ్చేముందు రెండు పత్రికల్లో ప్రకటన వేయాలి. నేను ఒకదానికి పంపాను. రెండోదాని కవరు నా సొరుగులోనే ఉండిపోయింది. ఉత్తర్వు వెలువడిన వారానికి అది నా కంటబడితే, చెమటలు కక్కుతూ బావ గదికి పరిగెత్తాను. ఆయన కవరు అటూ ఇటూ తిప్పి చూసి, చింపి బుట్టలో పడేశాడు. ఎవరూ చూడరు, నోరు మూసుకుని పని చూసుకో అన్నాడు. ఆయన కొర్రీ వేయకుండా వదిలేసింది జీవితంలో అదొక్కటే. ఆ రోజు నాకు ఆయన దేవుడిలా కనబడ్డాడు, సిగ్గులేకుండా చెబుతున్నాను.

దిగిపోయాక ఏడాదిపాటు కంపెనీల తరఫున పనిచేయకూడదని నిబంధన. ఆ ఏడాది ఆయన బాల్కనీలో కూర్చుని ఫోన్ వైపు చూస్తూ గడిపాడు. ఏడాది నిండిన మర్నాడే పెద్ద లాయర్ల కంపెనీలో, విద్యుత్ విభాగానికి సలహాదారుగా చేరాడు. ఆరో అంతస్తులో అద్దాల గది, లివర్ లాగితే వెనక్కి వాలే కుర్చీ, మందపాటి విజిటింగ్ కార్డులు. మొదటి మూడు నెలలు ఆ గదిలోకి కాఫీ తప్ప ఏమీ రాలేదు. కుర్ర లాయర్లు గుడ్ మార్నింగ్ చెప్పి పక్కగదికి వెళ్లిపోయేవారు. చివరికి పెద్ద లాయరు తలుపు దగ్గరే నిలబడి, పుస్తకాల్లో లేనిది మీకేమైనా తెలుసా అని అడిగాడట. తనని ఎవరో ఒకరు ఏదో ఒకటి అడగడమే మహాభాగ్యమైపోయిన మనిషి, నా సొరుగులోని కవరు సంగతి కక్కేశాడు.

చీటీల ఉత్తర్వు కొట్టేయమని ఆ లాయర్ల చేతే కరెంటు కంపెనీ దావా వేయించింది. ఫైలు పట్టుకుని నన్ను కోర్టుకి రమ్మన్నారు. రెండో పత్రిక కటింగ్ చూపించమన్నారు. నా ఫైల్లో ఉన్నది ఒక్కటే. లాయరు వెనక కూర్చుని బావ చిన్నచిన్న కాగితాలు అందిస్తున్నాడు. ఆ దస్తూరి నాకు పదడుగుల దూరం నుంచి కూడా తెలుస్తుంది. ఆయన ఒక్కసారైనా తలెత్తలేదు.

ఉత్తర్వు చెల్లదన్నారు. మండలి కావాలంటే మొదటినుంచీ మొదలుపెట్టుకోవచ్చన్నారు. మండలి మొదలుపెట్టలేదు. కంపెనీ మర్నాటి నుంచే మళ్లీ ఫోన్ మాటతోనే పని నడిపింది. నాకు మెమో ఇచ్చారు, అది పోతే పోయింది. నేను బావ ఇంటికి వెళ్లి ఆయన్ని నిలదీశాను.

"మావాడు రేపు స్తంభం ఎక్కాలి, బావా."

"వాడెందుకు ఎక్కుతాడు? కంపెనీవాళ్లతో మాట్లాడాను. సబ్‌స్టేషన్‌లో కుర్చీ పని ఇస్తారు."

అంతసేపూ పళ్లు కొరుకుతున్నవాడిని చల్లబడిపోయాను. మిగతా లైన్‌మన్ల సంగతి నేను అడగలేదు. అక్క ఇచ్చిన కాఫీ తాగి ఇంటికి వచ్చేశాను.

మా అబ్బాయి ఆపరేటర్ అయ్యాడు. ఏడు నెలలు బాగానే గడిచాయి. ఒక మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కాడు. అంతకుముందు కుర్చీలో ఉన్నవాడు ఒక లైను ఆపి, స్తంభం ఎక్కమని ఫోన్‌లోనే చెప్పి, వీడికి ఆ మాట చెప్పడం మరిచి బస్సు ఎక్కేశాడు. బల్ల మీద ఏ ముక్కా లేదు. లైను ఎందుకు ఆగిందని ఊళ్లోంచి ఫోన్ల మీద ఫోన్లు. వీడు స్విచ్ వేశాడు.

పైన ఉన్నవాడు వీడితో పాటు ఉద్యోగంలో చేరినవాడు, మా ఇంట్లో ఎన్నోసార్లు భోంచేసినవాడు. శవాన్ని దించడానికి వీడే మళ్లీ లైను ఆపాల్సి వచ్చింది. ఇప్పుడు వీడు ఉద్యోగం లేక గదిలో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. రేపోమాపో కేసు పెడతారు.

చనిపోయినవాడి భార్య కంపెనీ మీద దావా వేసింది. కంపెనీ ఇచ్చిన జవాబు కాపీ నా చేతికి వచ్చింది. కంపెనీ పద్ధతిలో లోపం లేదని, లైను ఎందుకు ఆగి ఉందో ఎవరినీ అడగకుండా స్విచ్ వేసిన ఆపరేటరే పూర్తి బాధ్యుడని ఉంది. ఒక్కో వాక్యం చివర ఒక్కో ప్రశ్న. ఇరవై ఆరేళ్లు నేను టైపు చేయించిన రాత అది.

ఈసారి నేను అరవలేదు. కాగితం తీసుకెళ్లి బావ ఇంట్లో భోజనాల బల్ల మీద, ఆయన ముందు పెట్టాను. అక్క చదివింది. చదివి, మొగుడి వైపు చూసింది.

"ఇది రాసింది మీరేనా?"

బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వాడి పేరు పెట్టాలని వాళ్లు చాలా పట్టుబట్టారు. నేనే పడనివ్వలేదు. చూడు, ఎక్కడైనా సరే ఆపరేటర్ అనే ఉంటుంది."

ఆ మాట అని, నేను థాంక్స్ చెబుతానేమోనని కాసేపు నా వైపే చూశాడు.