పదకొండు అదనపు పంక్తులు

2022 జూన్‌లో గురజాలలోని ఒక మహిళా డిగ్రీ కాలేజీలో నేను సూపరింటెండెంటును. గుమాస్తాలు రాసిన ప్రతి కాగితమూ ప్రిన్సిపాల్ సంతకానికి ముందు నా బల్ల దాటాలి. ఆ ఏడాదే హాస్టల్ దరఖాస్తులు కాలేజీ వెబ్‌సైటు ద్వారా తీసుకోవడం మొదలుపెట్టాం.

ముసాయిదా జాబితా సోమవారం పెట్టాం. అభ్యంతరాలకు గడువు బుధవారం సాయంత్రం ఐదు గంటలు. బుధవారం పదకొండింటికి కారంపూడిలో బైకులు బాగుచేసే సైదా, కూతురు మస్తాన్‌బీని వెంటబెట్టుకుని వచ్చాడు. జాబితాలో ఆమె పేరు లేదు. హాస్టల్ రాకపోతే చదువు మాన్పిస్తానన్నాడు.

మా రికార్డులో ఆమె దరఖాస్తే లేదని చెప్పాను.

"పచ్చ బటన్ నొక్కా మేడం. అందిందని మెసేజీ కూడా వచ్చింది," అంది ఆ పిల్ల.

మా పేజీలో ఉన్నది ఒకటే బటన్, నీలంది. వేరే సైటులో నింపి ఉంటావన్నాను.

"ఏంది మేడం, మా పిల్లకి కళ్లు లేవా? మీ కాలేజీ పేరు పైన కనపడతానే ఉందిగా," అంటూ సైదా ఫోన్ నా ముందు పెట్టాడు.

చిరునామా మాదే, పేజీ మాదే. నీలం బటన్ పైన పచ్చది ఉంది. నా కంప్యూటర్‌లో తెరిస్తే లేదు.

ఆఫీసులో నకలు తీసినప్పుడు ఒకరు అసలును పైకి చదువుతారు, మరొకరు నకలు మీద వేలు పెట్టి చూస్తారు. దాన్ని కంపేరింగ్ అంటాం. ఫోన్‌లో భద్రపరచిన పేజీని, మా సర్వర్‌లోని పేజీని, తెర వెనక కోడ్‌తో సహా అచ్చు తీయించాను. జూనియర్ అసిస్టెంట్ మేరీని ఫోన్ ప్రతి చదవమని, సర్వర్ ప్రతి మీద నేను వేలు పెట్టాను.

"ఈ కామాలు కూడానా మేడం?"

"కామా మింగావంటే మళ్లీ మొదటినుంచి చదివిస్తా."

నూట ఎనభై నాలుగో పంక్తి దగ్గర మేరీ చదువుతున్నది నా కాగితంలో లేదు. పదకొండు పంక్తులు దాటాక మళ్లీ కలిసింది. పచ్చ బటన్, ఏదో ప్రైవేటు హాస్టల్ చిరునామా ఆ పదకొండింటిలోనే ఉన్నాయి; మస్తాన్‌బీ దరఖాస్తు వెళ్లిందీ, మెసేజీ వచ్చిందీ అక్కడినుంచే. ఫోన్ కొన్నచోట వేసిచ్చిన బ్రౌజర్, అంటే పేజీలు తెరిచే యాప్, మా పేజీలో తన ప్రకటన కోడ్ చొప్పించింది. అదే ఫోన్‌లో మరో బ్రౌజర్‌తో తెరిస్తే పచ్చ బటన్ కనిపించలేదు.

రెండు ప్రతులూ, మెసేజీ వచ్చిన తేదీ జతచేసి నాలుగింటికి నోట్ పెట్టాను. గడువులోపల చేసిన దరఖాస్తుగానే ప్రిన్సిపాల్ అంగీకరించారు. మార్కుల వరుసలో మస్తాన్‌బీది తొమ్మిదో స్థానం. సీటు వచ్చింది.

సైదా ఆ యాప్ అక్కడే తీసేయించాడు. "షెడ్డుకొచ్చే ప్రతోడి ఫోనూ చూస్తా మేడం, బండి సంగతి తర్వాత," అన్నాడు.

అప్పటిదాకా ఎవరైనా ఫిర్యాదు తెస్తే నా దగ్గరున్న ప్రతిని చూసి జవాబు చెప్పేదాన్ని. ఆ తర్వాత, వచ్చినవారి చేతిలో ఉన్నదాన్ని ముందు చూడటం నేర్చుకున్నాను.