నాంపల్లి బండ మీద మిట్టమధ్యాహ్నపు తగాదా

మొన్న ఎండలు ముదిరిన వేళ మా అమ్మాయి నన్ను ఆబిడ్స్‌కు లాక్కెళ్లి, బండరాళ్లు ఎక్కడానికట, అడుగున మెత్తటి రబ్బరు ఉన్న బూట్లు కావాలని దుకాణం దుకాణమూ తిప్పింది. ఎక్కడా దొరకలేదు. చివరికి ఒక కొట్లో కూలబడి, ఈ మండుటెండల్లో బండలెక్కే పిచ్చేమిటే అని కసిరితే, నీకేం తెలుసమ్మా, నువ్వెప్పుడైనా ఎక్కావా అన్నది. నా నోటికి జడిసి చుట్టాలు సగం మంది మా గడప తొక్కరని ప్రతీతి. అటువంటి నేను, పద ఇంటికి పోదాం అని లేచాను.

నా యీడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అరవైల్లో నాంపల్లి స్టేషను నుంచి కాస్త దూరం నడిస్తే చాలు, ఎవరో కూలీలు మూటలు దించి మరిచిపోయినట్టు ఒకదాని మీద ఒకటిగా బండలు కనిపించేవి. రాష్ట్రం ఏర్పడ్డ కొత్తల్లో మా నాన్న గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగానికి వచ్చి, నాంపల్లిలో ఒక పాతకాపు బడిపంతులుగారి ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. ఆ పంతులుగారి కూతురు నా యీడుదే. తెల్లారి పళ్లపొడి దగ్గర మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా మేమిద్దరం పోట్లాడుకుంటూనే ఉండేవాళ్లం. స్నేహం అంటే అదేనని మాకు తెలియదు.

ప్రతి వేసవికీ భీమునిపట్నంలో మా అమ్మమ్మగారింటికి వెళ్లేవాళ్లం. నాకు పదమూడో ఏడు నడుస్తున్న ఆ వేసవిలో పెదమావయ్య ఒక విరిగిన తెప్పచెక్క సంపాదించి, దాని మీద బోర్లా పడుకుని కెరటంతో పాటు ఒడ్డుకు దూసుకురావడం నేర్పాడు. పట్టు తప్పితే కాళ్లూ చేతులూ కొట్టుకోకు, ఒళ్లు వదిలెయ్, సముద్రమే తెచ్చి ఒడ్డున పెడుతుంది అనేవాడు. నిజంగానే పెట్టేది. సెలవులు ముగిసేసరికి ఆ మాట నా ఒంటికి అలవాటైపోయింది.

తిరిగి నాంపల్లిలో రైలు దిగిన సాయంత్రం నుంచే నా గొప్పలు మొదలు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఇంటివారమ్మాయి అంతా విని, తాపీగా, “బర్రె ఈదుతుంటె దాని మీద కాకి గూసుంటది. కాకి ఈదినట్టా? సముద్రం మోసింది, నువ్వేం జేసినవ్?” అన్నది. నాకు ఒళ్లు మండింది. మీ బండ కదలదు మెదలదు, దాన్నెక్కడమూ ఒక విద్యేనా అన్నాను. పొద్దుగాల పోదాం, ఎండెక్కితే బండ పెనమైతది అన్నది. తప్పించుకుంటోందనుకుని, ఇప్పుడే అని పట్టుబట్టాను. అప్పటికే ఉప్పునీటికి పొట్టు రేగిన నా ఒంటికి అమ్మ కొబ్బరినూనె పట్టించి ఉంది, అరికాళ్లతో సహా. సముద్రం చూసివచ్చిన పిల్లలకు మా వైపు అది మామూలే. బండకూ నూనెకూ పడదని చెప్పేవాళ్లు మా వంశంలో ఎవరూ లేరు.

బండ దగ్గరికి వెళ్లగానే ఇంటివారమ్మాయి చీమలా పాకి పైకి చేరింది. నేను సగం దాకా వెళ్లి, బండ పొట్ట ఉబ్బినట్టు బయటికి వచ్చిన చోట ఇరుక్కుపోయాను. వేళ్లు ఒక నెర్రెలో, బొటనవేలు ఒక చిన్న అంచు మీద, రెండో కాలు నూనెకు జారుతూనే ఉంది. రాయి నిప్పులా ఉంది. కింద, రాళ్లు కొట్టేవాళ్లు వదిలేసిన పదునైన ముక్కలు. మిట్టమధ్యాహ్నం, కేక వేస్తే పలికే మనిషి లేడు. అది పైన బోర్లా పడుకుని ఓణీ కొస జారవిడిచింది గాని, నేను ఒక్క అడుగు పైకి వేస్తే తప్ప అందదు. ఆ ఒక్క అడుగే పడలేదు. అరచేతులు కాలుతున్నాయి, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, నా ఒళ్లంతా ఒకటే మాట: వదిలెయ్, వదిలెయ్. వదిలేస్తానే అన్నాను పైకే.

అది మొదట బతిమాలింది. దేవుళ్లందరికీ మొక్కింది. అప్పుడు ఉన్నట్టుండి, “వదులు, మంచిదే! మీ ఆంధ్రోళ్లంత గంతే, జర కష్టమైతే రైలెక్కి పోతరు” అన్నది.

చావుకు అంగుళం దూరంలో ఉన్నదానికి ఆ మాట ఎక్కడ తగిలిందో చెప్పలేను. ఎవరే పోయేది, మా నాన్న పోయాడా అని గొణిగాను.

“ఏందీ? ఇనవడ్తలేదు. మీ అమ్మ చేసే పులుసు, పులుసా అది, బెల్లం పానకం!”

“మీ ఇంట్లో కారం తప్ప ఏముందే, నీ మొహం!”

“ఇనవడ్తలేదంటున్న గద! జర మీదికొచ్చి జెప్పు!”

జారే కాలిని లంగా అంచుకేసి కసిగా తుడిచి, దానికి వినిపించేలా చెప్పాలన్న ఒక్క పంతంతో పైకి అడుగు వేశాను. ఓణీ చేతికి అందింది. అది లాగింది. పైన పడ్డాక చూస్తే దాని మొహమంతా కన్నీళ్లు. తిడుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. దాని మోచేతులూ పొట్టా ఆ రాతికి కాలి బొబ్బలెక్కాయి. వాళ్లమ్మ మొజంజాహీ మార్కెట్టుకు పరుగెత్తి ఐసు తెచ్చి ముందు నా చేతులకు అద్ది, తర్వాత కూతురి దగ్గరికి వెళ్లింది. ఇద్దరమ్మలూ కలిసి మమ్మల్ని తిట్టిన తిట్లు స్టేషను దాకా వినిపించి ఉంటాయి.

తర్వాత కొన్నేళ్లకు దానికి పెళ్లై ఔరంగాబాదు వెళ్లింది. మాకు బదిలీలయ్యాయి, ఉత్తరాలు పలచబడి ఆగిపోయాయి. ఆ బండనూ ఎవరో పగలగొట్టి ఏ మేడకో పునాది వేశారు. ఇప్పుడు మా హిమాయత్‌నగర్ ఫ్లాట్లలో అందరూ మర్యాదస్తులే, ఎవరి తలుపు వారిది. కిందటేడు మా ఆయన పోయినప్పుడు అందరూ వచ్చారు, గుండె రాయి చేసుకోమన్నారు, కాఫీ ఫ్లాస్కులు పెట్టి మెత్తగా అడుగులు వేస్తూ వెళ్లిపోయారు. మంచం దిగకుండా గోడవైపు తిరిగి పడుకున్న ఆ నెలల్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, మా గుమ్మంలో నిలబడి నాతో తగాదా పెట్టుకోలేదు.