వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు

వాల్తేరు యూనివర్సిటీలో గోడకు అంటించిన కాగితంలో నా పేరు కోసం పైనుంచి కిందికి వెతుక్కుంటూ వచ్చాను. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీకి ఎంపికైన వాళ్ళ జాబితాలో ఆఖరి పేరు నా స్నేహితుడిది. దాని కింద ఒక గీత. గీత కింద వెయిటింగ్ లిస్టు. అందులో మొదటి పేరు నాది. నాలుగేళ్ళు గుంటూరు మిషన్ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. ఒకే పుస్తకం పంచుకుని చదివి పరీక్షలు రాశాం. వాడికి నాకంటే రెండో మూడో మార్కులు ఎక్కువ వచ్చాయి, అంతే.

మిగతా వాళ్ళంతా ఆ రోజే ఫీజు కట్టేశారు. నా స్నేహితుడు కట్టలేదు. జగ్గయ్యపేటలో బడి మాస్టారుగా ఉన్న వాళ్ళ నాన్నగారు టైఫాయిడ్‌తో మంచం పట్టి ఉన్నారు. ఆయన్ని వదిలి వచ్చే వీలుంటుందో లేదో చూసుకుని చెబుతానని గడువు అడిగాడు. ఆఫీసు గుమాస్తా రెండు వారాలు గడువిచ్చి, పక్కనే నిలబడ్డ నాతో, "ఈయన రాకపోతే మీకు కార్డొస్తుందండి" అన్నాడు. మంచివాడే పాపం, నాకు ధైర్యం చెప్పాననుకున్నాడు. వాల్తేరు నుంచి బెజవాడ దాకా రైల్లో మేమిద్దరం లోకంలో ఉన్న సంగతులన్నీ మాట్లాడుకున్నాం. ఆ ఒక్క మాట మాత్రం వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అది యాభైల దశకం చివర్లో సంగతి. మాది నందిగామ. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న కాస్త మెట్ట పొలం చేసుకునే రైతు. ఆయనకు వెయిటింగ్ లిస్టంటే ఏమిటో చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. అర్థమయ్యాక వీధిలో వాళ్ళకు ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. "బస్సులో సీటు లేకపోతే నిలబడతాం చూడు, మావాడు అట్టా నిలబడ్డాడు. ఎవరన్నా దిగితే కూచుంటాడు." దాంతో ఊళ్ళో ప్రతివాడికీ నా మీద హక్కు వచ్చేసింది. "సీటొచ్చిందా?" "ఇంకా రాలేదండి." "అయితే పోయినట్టేగా?" "పోలేదండి." "రాకా పోకా, ఇదేం చదువయ్యా!" పగలంతా ఇదే వరస. చివరికి కాఫీ హోటలు ముందునుంచి వెళ్ళడం మానేసి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి.

ఎవరితోనైనా చెప్పుకుంటే భారం తగ్గుతుందంటారు. ఏమని చెప్పుకోను? ఆ మాస్టారు లేవకపోతే నా స్నేహితుడు వెళ్ళడు. వాడు వెళ్ళకపోతే నేను వెళ్తాను. ఆయన పోవాలని మాత్రం నేను కోరుకోలేదు, ఇది నిజం. ఇంకో రెండు వారాలు జ్వరం దిగకపోతే చాలనుకున్నాను. దేవుడికి కూడా తప్పు పట్టే సందు దొరక్కూడదన్నట్టు అంత జాగ్రత్తగా కోరుకున్నాను. రాత్రి నాన్న పక్కన కూర్చుని అన్నం తింటుంటే, ఈయనకు నా మనసులో ఉన్నది తెలిస్తే ముద్ద దిగుతుందా అనిపించేది. ఇంట్లో ఉన్నది ఇద్దరమే. ఆయనతో కూడా మాటలు తగ్గించేశాను.

పదో రోజు ఆదివారం. మాస్టారిని చూసి వస్తానని చెప్పి జగ్గయ్యపేట బస్సెక్కాను. చూసి రావాలన్నదీ నిజమే, ఆయనకు జ్వరం ఎంతుందో తెలుసుకోవాలన్నదీ నిజమే. వెళ్ళేసరికి చర్చి విడిచినట్టున్నారు, క్రైస్తవ సంఘంలో వాళ్ళు ఏడెనిమిది మంది ఆయన మంచం చుట్టూ చాపల మీద కూర్చుని ఉన్నారు. మాస్టారు సగానికి సగం అయిపోయారు. తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెట్టిందట. నా స్నేహితుడు మాసిన గడ్డంతో పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. నాకు లోపల ఏదో తేలికైంది. ఆ తేలికకు ఈనాటికీ సిగ్గుపడతాను.

ప్రార్థనలు మొదలయ్యాయి. సంఘ పెద్ద చేశాడు, ఇద్దరు ఆడవాళ్ళు చేశారు. ఇక ముగిద్దామనుకుంటుండగా మాస్టారు కళ్ళు తెరిచి నా వైపు వేలు చూపించారు.

"ఆ నందిగామ అబ్బాయిని చెయ్యమనండి."

అందరూ నా వైపు తిరిగారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదంటానా? అక్కడ కాదన్నవాడు లేడు. హాస్టల్లో వక్తృత్వానికి బహుమతులు కొట్టేసిన నోరాయె, అది నన్ను అడక్కుండానే మొదలుపెట్టింది. "ప్రేమగల తండ్రీ, నీ దాసుని నీ హస్తముతో ముట్టి స్వస్థపరచుము. ఈ గృహమునకు నీవే దిక్కై యున్నావు. ఈయన కుమారుని చదువునకు ఏ ఆటంకమును రానీయకుము. అతనిని క్షేమముగా నడిపించి, గొప్ప విద్వాంసునిగా తిరిగి ఈ గుమ్మము చేర్చుము." ఒక్కో వాక్యానికీ చుట్టూ ఉన్నవాళ్ళు "స్తోత్రం, స్తోత్రం" అంటున్నారు. నోరు ఒకటి అడుగుతోంది, లోపలివాడు ఇంకొకటి అడుగుతున్నాడు. ఇద్దరిలో ఎవడి మాట వింటావో విను అన్నంత పొగరు కూడా ఉంది నాలో. "ఆమేన్" అన్నప్పుడు అందరికంటే నా గొంతే గట్టిగా వినిపించింది.

నా స్నేహితుడి అమ్మగారు నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చారు. సంఘ పెద్ద భుజం తట్టి, "నువ్వు కెమిస్ట్రీ కాదబ్బాయ్, సెమినరీకి పోయి పాస్టరు కావాల్సినవాడివి" అన్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. వాన పడి నల్లరేగడి చేలన్నీ మెత్తబడి ఉన్నాయి. జనం అరకలు కట్టుకుని ఎవరి పనిలో వాళ్ళున్నారు. పక్క సీటాయన పలకరించబోతే నిద్ర నటించాను. అంత మంది మధ్యనుంచి వస్తున్నా, పుట్టి బుద్ధెరిగి అంత ఒంటరితనం ఎప్పుడూ ఎరగను.

గడువు ఇంకా రెండు రోజులుందనగా, టపా సంచి దిగే వేళకు బస్‌స్టాండుకు వెళ్ళాను. ఆ రోజుల్లో అదే నా ఉద్యోగం. జగ్గయ్యపేట నుంచి బెజవాడ వెళ్ళే బస్సు ఆగింది. సంచి రాకముందే అందులోంచి నా స్నేహితుడు దిగాడు. గడ్డం గీసుకున్నాడు, ఉతికిన బట్టలు కట్టుకున్నాడు. బస్సు పైన ట్రంకు పెట్టె కట్టి ఉంది.

"ఒరేయ్, నాన్నకి జ్వరం దిగిందిరా. నిన్న గంజి తాగాడు."

"మంచిదిరా" అన్నాను.

"అసలు నేను పోనని రాసేశా. ఆదివారం నువ్వొచ్చేటప్పటికి కార్డు జేబులోనే ఉంది, సోమవారం పోస్టులో వేద్దామని. నువ్వు ప్రార్థన చేసి వెళ్ళాక నాన్న ఆ కార్డు అడిగి తీసుకుని చించేశాడు. ఇంకొకరి బిడ్డ నీ చదువు కోసం అంతగా అడుగుతుంటే నువ్వు నా మంచం పక్కన కూచుంటావా, నేను ఎట్టా ఉన్నా సరే పో అన్నాడు."

డ్రైవరు హారన్ కొట్టాడు. వాడు నా చెయ్యి ఒక్కసారి గట్టిగా నొక్కి బస్సెక్కాడు. నేను ఆ ఆదివారం ఇంట్లో పడుకుని ఉంటే సోమవారానికి ఆ కార్డు పోస్టయి ఉండేది. వెళ్ళినా నత్తి నత్తిగా నాలుగు మాటలు చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నా సీటును నా నోటితో నేనే వాడి చేతిలో పెట్టి వచ్చాను. ఇంటికి పోయి నాన్నతో, "ఎవరూ దిగలేదు" అన్నాను. ఆయన లేచి ఎడ్లకు మేత వేయడానికి వెళ్ళాడు.

మా ఊరి బడిలో సైన్సు మాస్టారు సెలవు పెడితే ఆ ఖాళీలో చేరాను. జగ్గయ్యపేట మాస్టారి దగ్గరనుంచి కార్డు మీద కార్డు వచ్చేది, ఒక ఆదివారం వచ్చి వెళ్ళమని. మూడు కార్డులకు జవాబు రాయలేదు. నాలుగోదానికి వెళ్ళాను.

మాస్టారు అరుగు మీద శాలువా కప్పుకుని కూర్చున్నారు. దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చెబుతున్నారు: "ఈ అబ్బాయి ప్రార్థనకే నేను లేచి కూచున్నా." వాళ్ళు వెళ్ళిపోయాక ఇక ఆగలేకపోయాను.

"మాస్టారూ, ఆ రోజు నేను మనసులో అడిగింది అది కాదండి. మీకు జ్వరం తగ్గకూడదనుకున్నా. మీవాడు వెళ్ళకపోతే ఆ సీటు నాదండి."

ఆయన తల ఎత్తలేదు. శాలువా అంచు సర్దుకున్నారు.

"తెలుసు. తన తర్వాత పేరు నీదేనని రైలు దిగొచ్చిన రోజే మావాడు చెప్పాడు."

"తెలిసి నన్నెందుకు చెయ్యమన్నారండి?"

"ఆ గదిలో మిగతా అందరూ నేను బాగుపడితే సంతోషించేవాళ్ళే. వాళ్ళు అడగటంలో ఏముంది? పోగొట్టుకునేవాడివి నువ్వొక్కడివే. నీ నోటితో అడిగిస్తే దేవుడు కాదనలేడనుకున్నా." పక్కనున్న కర్ర చేతిలోకి తీసుకున్నారు. "కొడుకు కోసం చేశా నాయనా. నీకు అన్యాయం చేశా. అది చెప్పుకుందామనే ఇన్ని కార్డులు రాశా."

నాకు కోపం వచ్చింది. అంత కోపం నాకు అంతకు ముందెప్పుడూ రాలేదు. పర్లేదండి అనలేదు, ఊరట మాట ఒక్కటి చెప్పలేదు. బస్సు వేళయిందని లేచాను. ఆయన కర్ర పట్టుకుని మెట్ల దాకా వచ్చి, "వచ్చే ఆదివారం వస్తావా?" అని అడిగారు.

ఆ పై ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టాను. కొత్తగా పాసైన పిల్లలు నన్ను దాటిపోయారు, నేను బడిలోనే ఉండిపోయాను. ఆయన బతికినన్నాళ్ళూ వీలైన ఆదివారమల్లా జగ్గయ్యపేట బస్సెక్కుతూనే ఉన్నాను. మా ఇద్దరి మధ్యా ఆ మాట మళ్ళీ రాలేదు. కానీ నేనేం కోరుకున్నానో తెలిసిన మనిషి ఆ రెండు ఊళ్ళలోనూ ఆయనొక్కరే.