వేలిముద్ర వెయ్యని ఆడవాళ్లు

నాకు ఉర్దూ అక్షరాలు నేర్పింది మా పక్కింటామె; పిన్నీ అన్నట్టుగా మేమంతా ఆమెను ఖాలా అనేవాళ్లం. యాకుత్‌పురాలో ఆమె ఇంటికీ మా కిరాయి ఇంటికీ నడుమ ఒకటే గోడ. గుండీల కార్ఖానాలో నన్ను పనికి కుదిర్చింది కూడా ఆమే. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఫౌజు సిపాయిల కోట్లకు ఇత్తడి గుండీలు చేసేవాళ్లం. మిషన్‌ను కాలితో తొక్కితే పైనుంచి అచ్చు దిగి రేకును గుండ్రంగా కోసేది. రేకును మాత్రం చేత్తోనే జరపాలి.

ఒకరోజు మధ్యాహ్నం ఖాలా కుడిచేతి వేళ్లు రెండు అచ్చు కింద పడి తెగిపోయాయి. కార్ఖానా యజమాని సేఠ్ తన టాంగాలోనే ఆమెను దవాఖానాకు తీసుకెళ్లాడు. ఆయన చెడ్డవాడని నేను అనను. కానీ వారం తిరక్కముందే ఆమె మిషన్ ముందు ఇంకో మనిషి కూర్చుంది. ఖాలా చేతికట్టుతో వచ్చి వాకిట్లో నిలబడితే, కార్ఖానా లెక్కలు రాసే మున్షీ, "గా చెయ్యితోటి ఏం పని చేస్తవ్ ఖాలా? ఇంటికాడ ఆరాం చెయ్యి" అని పంపేశాడు.

కొన్నాళ్లకు సర్కారు కొత్త కానూన్, అంటే చట్టం, తెచ్చిందని విన్నాం. పనిలో దెబ్బ తగిలితే మందుల ఖర్చూ పరిహారమూ యజమానే భరించాలట. "గిట్లయితే చిన్న కార్ఖానాలు నడుస్తయా?" అని సేఠ్ మా ముందే వాపోయాడు. ఆ నెలలోనే ఒక పొద్దున మున్షీ ఉర్దూలో రాసిన కాయితాలు తెచ్చి, సిరా డబ్బా పెట్టి, ముప్పై మంది ఆడవాళ్లను వరసగా నిలబెట్టాడు.

"ఏంది భాయ్ గిది?" అని అడిగాను.

"ఏం లేదు. సర్కారోళ్లకు పేర్లు పంపాలె. ఏలిముద్ర వేసి పనిల కూసోండ్రి."

నేను ఒక కాయితం అందుకుని చదివాను. కూడబలుక్కుంటూనే, అందరికీ వినిపించేలా తెలుగులో చెప్పాను. కార్ఖానాలో నాకు ఏ దెబ్బ తగిలినా అది నా అజాగ్రత్త వల్లనే, యజమానిని ఏమీ అడగను, అని ఉంది అందులో. వరసలో అందరికంటే ముందున్నామె సిరా అంటిన వేలిని కొంగుకు తుడుచుకుంది.

సేఠ్ లోపలినుంచి వచ్చాడు. "నీకు చదువొచ్చని నాకెవ్వరు చెప్పలే" అన్నాడు.

"మీరు అడగలే సేఠ్."

"ముద్ర వెయ్యకుంటే రేపట్నుంచి పనికి రాకు."

"రేపు వస్త. పని చేస్త. ఏలిముద్ర మాత్రం వెయ్య."

కాయితం మున్షీకి తిరిగిచ్చేశాను.

మర్నాడు నన్ను గేటు దగ్గరే ఆపారు. నా వెనక వచ్చిన ఆడవాళ్లు కూడా లోపలికి పోలేదు. మూడు రోజులు గోడవారగా ఎండలో కూర్చున్నాం. "గా లొల్లి మనకెందుకు?" అన్నాడు నా భర్త. "ఖాలా చెయ్యి చూసి గా మాట అను" అన్నాను. ఖాలా కూడా రోజూ వచ్చి మా పక్కనే కూర్చుంది. నాలుగో రోజు, ఫౌజుకు సరుకు పంపాల్సిన గడువు దగ్గరపడి, సేఠ్ గేటు తీయించాడు. కాయితాల మాట ఎవరూ ఎత్తలేదు. ఇక దెబ్బ తగిలితే పరిహారం తనే ఇవ్వాలని కాబోలు, నెల తిరిగేసరికి ప్రతి అచ్చు ముందూ వేళ్లు పోకుండా ఇనుప జాలీ వచ్చింది.

ఆ జాలీ వెనక నేను పనిచేసింది ఎనిమిది రోజులే. కానూన్‌తో ఖర్చు పెరిగిందని సేఠ్ ఆరుగురిని తీసేశాడు. మొదటి పేరు నాది. నాకు మలక్‌పేటలో వేరే పని దొరికింది. మిగతావాళ్లలో ఒకామెకు చాలా రోజులు ఏదీ దొరకలేదు. లాల్‌దర్వాజా సందులో ఎదురుపడి, "నువ్వు చదవకుంటే నా పని ఉంటుండె" అంది. ఆమె కోపం న్యాయమే. అయినా నేను తల దించలేదు.

ఖాలా కోసం సర్కారు దఫ్తర్‌కు రెండు అర్జీలు రాశాను. కానూన్ రాకముందు తగిలిన దెబ్బకు అది వర్తించదన్నారు. "ఇగ చాలు బేటీ" అంది ఖాలా. మూడో అర్జీ నేనే తీసుకెళ్లి ఆ దఫ్తర్ సాహెబ్ బల్ల మీద పెట్టి, రసీదు ఇచ్చేదాకా కదలనన్నాను. సాయంత్రం వరకు నిలబెట్టి ఇచ్చారు. జవాబు మాత్రం ఎన్నడూ రాలేదు.